కంప్రెసర్ ఆయిల్ త్వరగా నల్లబడుతుంటే

ప్రశ్న: మా స్క్రూ కంప్రెసర్‌లోని మినరల్ ఆయిల్ (ముడి చమురు నుంచి తీసినది) గడువుకు ముందే నల్లబడి చిక్కబడుతోంది. సింథటిక్ ఆయిల్‌కు మారవచ్చునా?

జవాబు: మారవచ్చు, కానీ ముందుగా వేడికి కారణం వెతకండి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ ఆయిల్ ఆక్సీకరణ (ఆక్సిజన్‌తో కలిసి పాడై నల్లబడటం) వేగం సుమారు రెట్టింపవుతుంది కనుక, కూలర్ మూసుకుపోయి ఉంటే ఎంత ఖరీదైన ఆయిల్ పోసినా ఫలితం అంతంతమాత్రమే. సింథటిక్ రకాలలో పాలీఆల్ఫాఓలెఫిన్ మినరల్ ఆయిల్‌తో కలుస్తుంది. పాలీగ్లైకాల్ సాధారణంగా కలవదు, పైగా మడ్డి ఏర్పడి ఫిల్టర్లను మూసివేయగలదు కాబట్టి, దానికి మారేటప్పుడు పాత ఆయిల్‌ను పూర్తిగా తీసి, లోపలి భాగాలను శుభ్రపరచి, ఫిల్టర్లను, సెపరేటర్‌ను (గాలి నుంచి ఆయిల్‌ను వేరుచేసే భాగం) మార్చడం తప్పనిసరి. సీళ్లు, లోపలి పెయింటు కొత్త ఆయిల్‌ను తట్టుకుంటాయో లేదో తయారీదారుని అడగండి. చాలామంది ఈ సంగతిని లీకులు మొదలయ్యాకే పట్టించుకుంటారు.