చిన్నపిల్లల బట్టల అంచు కుట్టే మిషన్: అప్పు చేసి కొనొచ్చా?

ప్రశ్న: మాది తెనాలి. ఇంటి పక్కనే రేకుల షెడ్డులో చిన్నపిల్లల టీషర్టులు, లెగ్గింగ్స్ కుడుతున్నాం. గుడ్డ విజయవాడ హోల్‌సేల్ వ్యాపారే పంపిస్తారు. మాకు పీసుకు సగటున 22 రూపాయల కూలి వస్తుంది. నాతోపాటు ముగ్గురు ఆడవాళ్లు పనిచేస్తారు. రెండు జూకీలు (మామూలు కుట్టు మిషన్లు), గుడ్డ పక్కలు కలిపి కుట్టే రెండు ఓవర్‌లాక్‌లు, అంచు మడిచి కుట్టే ఒక ఫ్లాట్‌లాక్ మిషన్ ఉన్నాయి. నెలకు 5,000 పీసులు వెళ్తాయి, అందులో 3,000 రెండేళ్లలోపు పిల్లలవి. ఆ చిన్న చేతుల అంచులు మా ఫ్లాట్‌లాక్ మీద సరిగ్గా రావడం లేదు. అందుకని పీసుకు 3 రూపాయలిచ్చి విజయవాడలో కుట్టిస్తున్నాం. రానుపోను ఆటో, పార్శిల్ ఖర్చు నెలకు 1,200. ఇప్పుడు సిలిండర్ బెడ్ మిషన్ కొనాలనుకుంటున్నాం. కొత్తది 98,000, దారం దానంతటదే కత్తిరించే రకం 2,60,000, సెకండ్ హ్యాండ్ జపాన్ మిషన్ 70,000 చెబుతున్నారు. చేతిలో 80,000 ఉంది. మా అమ్మాయి ఇంజినీరింగ్ ఫీజు కోసం దాచిన లక్షన్నర ఎఫ్‌డీ ఉంది, అది జూన్‌లో కట్టాలి. 2 లక్షల చీటీ ఉంది, ఇప్పుడు పాడితే 45,000 పోతుంది. ఒక ఫైనాన్స్ కంపెనీ 12 శాతానికి రెండేళ్ల అప్పు ఇస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: కొనండి. మూడింటిలో 98,000 మిషనే కొనండి. ఫీజు ఎఫ్‌డీ జోలికి వెళ్లకండి, చీటీ ఇప్పుడు పాడకండి. ఆ ఫైనాన్స్ కంపెనీ కాగితం మీద సంతకం పెట్టే ముందు మాత్రం నేను కింద రాసిన లెక్క ఒకసారి చూడండి.

మీ ఇబ్బంది పనివాళ్ల చేతిలో లేదు, మిషన్ ఆకారంలో ఉంది. ఫ్లాట్‌లాక్ బల్లలా పరచుకుని ఉంటుంది. ఆరు నెలల పాప చొక్కా చెయ్యి సన్నని గొట్టం. దాన్ని బల్ల మీద పెడితే పైపొర కుట్టు పడుతుంటే కింది పొర సూది కిందికి జారుతుంది. దాన్ని పక్కకు లాగి పట్టుకుంటే గుడ్డ సాగి అంచు అలలు తేలుతుంది. సిలిండర్ బెడ్ మిషన్‌లో కుట్టే భాగం చాచిన చెయ్యిలా ముందుకు వస్తుంది. గొట్టాన్ని దానికి తొడిగి గుండ్రంగా తిప్పుతూ కుట్టేయొచ్చు, కింది పొర అడ్డు రాదు. మీ దగ్గర పనిచేసే వాళ్లను ఎంత తిట్టినా బల్ల మిషన్ మీద ఈ పని రాదు. కాబట్టి మీరు పెట్టబోయే ఖర్చు సరైన చోటే పెడుతున్నారు.

అయితే డబ్బు పెట్టక ముందు వ్యాపారిని ఒక మాట అడగండి. చెయ్యి గొట్టంగా మారకముందే, అంటే పక్క కుట్టు వేయకముందే, గుడ్డ పరచి ఉండగా అంచు మడిచి కుట్టి, ఆ తర్వాత ఓవర్‌లాక్‌తో పక్క మూయొచ్చు. దీనికి కొత్త మిషన్ అక్కర్లేదు. లోపం ఒకటుంది: పక్క కుట్టు చివర అంచు దగ్గర బయటికి కనిపిస్తుంది, పసిపిల్లల చర్మానికి ఒరుసుకుంటుంది. కాస్త ధర పలికే సరుకులో దీన్ని ఒప్పుకోరు. తక్కువ ధర సరుకులో ఒప్పుకుంటారు. మీ 3,000 పీసుల్లో వెయ్యికి ఈ పద్ధతి సరేనన్నా ఈ నెల నుంచే 3,000 రూపాయల బయటి కూలి మిగులుతుంది. కానీ అప్పుడు మిషన్ మీద వచ్చే ఆదా కూడా ఆ మేరకు తగ్గుతుంది. అందుకే ఈ జవాబు ముందే తెలియాలి. పీసులన్నీ గుండ్రటి అంచుతోనే కావాలంటారనుకుని మిగతా లెక్క వేస్తున్నాను.

అంచుల కోసం మీరు ఇప్పుడు బయటికి ఇస్తున్నది 9,000 కూలి, 1,200 రవాణా, మొత్తం 10,200. అదే పని మీ షెడ్డులో చేస్తే రెండు చేతులకూ కలిపి, తొడగడం తీయడంతో సహా, పీసుకు 40 సెకన్లు పడుతుందనుకుందాం. 3,000 పీసులకు 33 గంటలు. రోజుకు ఎనిమిది గంటల చొప్పున నాలుగు రోజుల పని, జాగ్రత్త కోసం ఐదు రోజులనుకుందాం. రోజుకు 500 చొప్పున 2,500. దారం, సూదులు, కరెంటుకు 700. మొత్తం 3,200. అంటే నెలకు 7,000 మిగులుతుంది.

మిషన్ ధర 98,000 అయినా చేతి నుంచి పోయేది అంతే కాదు. మడత పెట్టే ఫోల్డర్, కింద దారం అల్లే అదనపు లూపర్లు, సూదులు, వైరింగ్, స్టెబిలైజర్ కలిపి మరో 12,000 అనుకోండి. మొత్తం 1,10,000. నెలకు 7,000 ఆదాతో పదహారు నెలల్లో తిరిగి వస్తుంది. చేయి అలవాటయ్యే వరకు మొదటి రెండు నెలలు ఆదా లేదనుకున్నా ఏడాదిన్నర. చిన్న యూనిట్‌కి ఇది మంచి లెక్క. పైగా మిషన్ నెలలో ఐదు రోజులే నడుస్తుంది, మిగతా రోజులు ఖాళీ. మీ ఊళ్లో, చుట్టుపక్కల పిల్లల బట్టలు కుట్టేవాళ్ల అంచు పని తీసుకోవచ్చు. కానీ ఆ ఆదాయాన్ని నేను లెక్కలో కలపలేదు, మీరూ కలపొద్దు. వస్తే మంచిదే.

2,60,000 మిషన్ గురించి కూడా మీరు రాశారు కాబట్టి దాని సంగతి కూడా చూద్దాం. దారం కత్తిరించే పని తప్పితే ఒక చేతికి ఆరు సెకన్లు, పీసుకు పన్నెండు సెకన్లు కలిసి వస్తాయనుకోండి. 3,000 పీసులకు నెలకు పది గంటలు. ఆ పది గంటల కూలి సుమారు 625 రూపాయలు. అందుకోసం అదనంగా పెట్టేది 1,62,000. అది తిరిగి రావడానికి ఇరవై ఒక్క సంవత్సరాలకు పైగా పడుతుంది! మిషన్ మంచిదే. రోజంతా, నెలంతా ఆగకుండా అదే పని నడిచే పెద్ద ఫ్యాక్టరీకి అది సరిపోతుంది, మీకు కాదు. అమ్మేవాళ్లు నిమిషానికి ఎన్ని కుట్లో చెబుతారు. చిన్న గొట్టం మీద ఆ వేగం ఎప్పుడూ అందుకోలేం. అక్కడ కాలమంతా తొడగడానికి, తీయడానికే పోతుంది.

సెకండ్ హ్యాండ్ జపాన్ మిషన్ మీద నాకు చిన్నచూపు లేదు. కానీ ఫ్లాట్‌లాక్ రకాల్లో లూపర్లు, గుడ్డను జరిపే పళ్లు అరిగితే కుట్టు వదలడం మొదలవుతుంది. సాగే గుడ్డలో ఒక కుట్టు వదిలిందంటే అంచు ఊడుతుంది, లాట్ వెనక్కి వస్తుంది. విడిభాగాలు, మెకానిక్ మీకు దగ్గర్లో దొరుకుతాయని రుజువైతే తప్ప 28,000 తేడా కోసం ఆ తలనొప్పి వద్దు.

షోరూమ్‌కి మీ గుడ్డ తీసుకెళ్లండి. మీరు కుట్టే వాటిలో అన్నిటికన్నా చిన్న సైజు చెయ్యి పట్టుకెళ్లి, ఫోల్డర్ బిగించి ఉండగానే సిలిండర్‌కి తొడిగి చూడండి. అన్ని సిలిండర్ల చుట్టుకొలత ఒకటి కాదు. సాగదీస్తేనే ఎక్కుతుందంటే అది మీ మిషన్ కాదు. ముందు పళ్లు, వెనక పళ్లు వేర్వేరు వేగంతో కదిలేలా సర్దే వీలు ఉండాలి, దాన్ని డిఫరెన్షియల్ ఫీడ్ అంటారు. బనియన్ గుడ్డ సాగకుండా ఉండేది దానివల్లే. నెమ్మదిగా నడిపినప్పుడు కూడా పట్టు తప్పకుండా ఉండాలి కాబట్టి వేగం కావాల్సినట్టు సర్దుకునే సర్వో మోటార్ ఉన్నదే తీసుకోండి. ఇంకో జాగ్రత్త: ఫీడ్ ఆఫ్ ది ఆర్మ్ అనే మిషన్ కూడా చూడటానికి చెయ్యి చాచినట్టే ఉంటుంది. అది జీన్స్ కాలి పొడవు కుట్టు లాంటి వాటికి. గుడ్డ ఆ చెయ్యి పొడవునా పోతుంది, చుట్టూ తిరగదు. మీ పనికి అది పనికిరాదు. కొటేషన్‌లో మోడల్ పేరు రాయించుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కుట్టు మిషన్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీకు చెప్పిన ధర పాత పన్నుతోనో కొత్త పన్నుతోనో అడగండి.

ఇక డబ్బు. చేతిలో ఉన్న 80,000లో 30,000 మాత్రమే పెట్టండి. మిగతా 50,000 మీ ముగ్గురి నెల కూలికి మించి కొంచెమే ఉంది, అంతకన్నా తగ్గితే ఒక్క పేమెంట్ ఆలస్యమైనా టెన్షన్ మొదలవుతుంది. అప్పు కావాల్సింది 80,000.

ఫైనాన్స్ కంపెనీ చెప్పిన 12 శాతం ఫ్లాట్ రేటా, తగ్గే బాకీ మీదనా అని అడగండి. ఫ్లాట్ అయితే రెండేళ్లకు 19,200 వడ్డీ, నెలకు 4,133 కిస్తీ. మీరు ప్రతి నెలా అసలు తీరుస్తున్నా వడ్డీ మాత్రం మొత్తం 80,000 మీదే వేస్తారు. బ్యాంకు లెక్కలో చెప్పాలంటే అది దాదాపు 21.5 శాతం. అదే 12 శాతం తగ్గే బాకీ మీద అయితే కిస్తీ 3,766, మొత్తం వడ్డీ 10,400 లోపే. ఒకే పన్నెండు, దాదాపు తొమ్మిది వేల తేడా. కుట్టు మిషన్‌ని వాయిదాల మీద అమ్మడం అమెరికాలో సింగర్ కంపెనీ 1856లోనే మొదలుపెట్టింది. ఇన్నేళ్ల తర్వాత కూడా కొనేవాళ్లకు కిస్తీ ఎంతో చెబుతారు, వడ్డీ ఎంతో చెప్పరు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

మీరు వెళ్లాల్సింది మీ ఖాతా ఉన్న బ్యాంకుకు. చిన్న వ్యాపారాలకు అప్పులిచ్చే కేంద్ర ప్రభుత్వ ముద్రా పథకంలో కిశోర్ విభాగం కింద 50,000 నుంచి 5 లక్షల వరకు తాకట్టు లేకుండా ఇస్తారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న యూనిట్ల ప్రభుత్వ నమోదు), మిషన్ కొటేషన్, బ్యాంకు స్టేట్‌మెంట్, మీ ఆర్డర్ల వివరాలు పట్టుకెళ్లండి. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం, ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు. మీరు ఇప్పటికే చేతివృత్తుల వాళ్ల కోసం ఉన్న పీఎం విశ్వకర్మ పథకంలో దర్జీగా నమోదై శిక్షణ పూర్తి చేసి ఉంటే ముందు దాన్నే అడగండి. తొలి విడతలో లక్ష వరకు 5 శాతానికి, పద్దెనిమిది నెలలకు ఇస్తారు. 80,000కి నెలకు దాదాపు 4,620 కట్టాలి, మొత్తం వడ్డీ 3,200 దాకా. ఐదేళ్లలో ముద్రా అప్పు తీసుకుని ఇంకా తీర్చకుండా ఉంటే మాత్రం అది రాదు. కాబట్టి రెండిట్లో ఏది ముందు అన్నది ముఖ్యం.

స్వయం ఉపాధికి సబ్సిడీతో అప్పిచ్చే పీఎంఈజీపీ పథకంలో పల్లెటూరి మహిళలకు 35 శాతం, పట్టణంలో 25 శాతం సబ్సిడీ వస్తుందని ఎవరో ఒకరు మీ దగ్గరికి వస్తారు. ఆ మాట నిజమే, కానీ ఆ సబ్సిడీ కొత్త యూనిట్లకు. నడుస్తున్న యూనిట్‌ని కొత్తదిగా చూపిస్తామని కమీషన్ అడిగేవాళ్లను గుమ్మం దాటనివ్వకండి. తర్వాత తనిఖీకి వచ్చినప్పుడు సమాధానం చెప్పాల్సింది మీరు, వాళ్లు కాదు.

ఎఫ్‌డీ మీద అప్పు తీసుకుంటే వడ్డీ ఇంకా తక్కువ కదా అని మీకు అనిపించొచ్చు. తక్కువే. ముద్రాతో పోలిస్తే రెండేళ్లలో మూడు నాలుగు వేలు మిగలొచ్చు. అయినా నేను వద్దంటాను. వ్యాపారి ఇచ్చే డబ్బు ఒక నెల అటూ ఇటూ అవుతుంది, కాలేజీ ఫీజు తేదీ కాదు. చీటీ ఇప్పుడు పాడితే 45,000 పోతుంది, 80,000 అవసరానికి అది చాలా ఖరీదైన అప్పు. చివరి దాకా ఉంచండి.

ఆర్డర్లు సగానికి పడితే? అంచు పని 1,500 పీసులకు తగ్గితే ఆదా 3,500కి పడుతుంది, ముద్రాలోనూ 12 శాతం తగ్గే బాకీ మీద, రెండేళ్లకే అనుకుంటే కిస్తీ 3,766. నెలకు 266 రూపాయలు చేతి నుంచి కట్టాలి. ఆ మాత్రం మీరు తట్టుకోగలరు. అందుకే ధైర్యంగా కొనమంటున్నాను. అదే 2,60,000 మిషన్ అయితే ఈ మాట చెప్పలేను.

మిషన్ విలువ ఏటా తగ్గే మొత్తాన్ని (తరుగుదల) ఖర్చుగా చూపిస్తే పన్ను తగ్గుతుందని మిషన్ అమ్మేవాళ్లు చెబితే పట్టించుకోవద్దు. మీకు ఏడాదికి మిగిలే ఆదాయానికి కొత్త పన్ను విధానంలో పన్నే పడదు, తగ్గడానికి ఏమీ లేదు.

ఉద్యమ్‌లో నమోదైన మీలాంటి చిన్న యూనిట్‌కి కొనేవాళ్లు, రాతపూర్వక ఒప్పందం ఉన్నా సరే, 45 రోజులకు మించి డబ్బు ఆపకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. మించితే వడ్డీ ఇవ్వాలి. అలా మించితే వాళ్లు ఆదాయపు పన్ను లెక్కల్లో కూడా ఆ ఖర్చు చెల్లించిన తర్వాతే చూపించుకోవాలి. వ్యాపారితో గొడవ పడమని కాదు. బిల్లు మీద ఉద్యమ్ నంబరు వేయించండి, 45 రోజుల గడువు అచ్చు వేయించండి. ఆయన ఆడిటరే ఆయనకు గుర్తు చేస్తాడు.

మీ షెడ్డులో వ్యాపారి గుడ్డ కూడా ఉంటుంది, దూది నూగు వైర్ల మీద పడుతుంటుంది. మిషన్ దిగిన రోజే చిన్న యూనిట్ల కోసం ఉన్న భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష బీమా పాలసీ తీసుకోండి, వ్యాపారి సరుకును కూడా అందులో చేర్పించండి. కిస్తీ పోగా నెలకు మిగిలే 3,200ని వేరే ఆర్‌డీలో వేయండి. అది 50,000 అయ్యే వరకు రిపేర్లకు, ఆలస్యమైన పేమెంట్లకు తప్ప దేనికీ తీయకండి. ఆ తర్వాత మీ పాత మిషన్లలో పాత రకం క్లచ్ మోటార్లు ఉంటే, ఎక్కువగా వాడే ఓవర్‌లాక్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా సర్వోకి మార్చుకోండి.