పట్టు మెరుపు తెల్లరంగులో లేదు

ప్రశ్న: మా ఇంట్లో పట్టు మగ్గం ఉందండీ. ప్లస్ టూ చదివే మా అమ్మాయి, నీలం సాటిన్ గౌనులో కుర్చీకి ఆనుకుని నిలబడ్డ ఫ్రెంచి రాకుమారి చిత్రం చూసి వేస్తోంది. ముఖం బాగానే వస్తోంది కానీ ఎంత తెల్లరంగు పూసినా గౌనుకి మెరుపు రావట్లేదు. ఇంతకీ ఆవిడెవరు, ఎందుకంత దిగులుగా ఉంది?
– ఒక పాఠకురాలు, బరంపురం, గంజాం జిల్లా

జవాబు: ఆవిడ పోలీన్, బ్రోయ్ వంశపు కోడలమ్మా. ఆంగ్ర్ అనే చిత్రకారుడు ఈ బొమ్మ 1851-53 మధ్య వేశాడు, అప్పటికి ఆయనకి డెబ్బై దాటాయి. దిగులు అనుకోకండి, ఆవిడ బాగా సిగ్గరి అని చెబుతారు, ఆ వాలిన రెప్పల్లో నాకు కనిపించేదీ ఆ బిడియమే. 1860లో క్షయతో పోయారు, 35 ఏళ్లకే. భర్త ఆల్బెర్ ఆ తర్వాత ఫ్రాన్స్ ప్రధాని కూడా అయ్యారు గానీ, ఈ చిత్రానికి మాత్రం తెర కట్టి ఉంచుకున్నారట. అది చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇక గౌను సంగతి. మీ చీరల నేతలో పడుగూ (నిలువు పోగులు) పేకా (అడ్డపోగులు) ఒకటి విడిచి ఒకటి కలుస్తాయి, అందుకే వెలుగు మెత్తగా పరుచుకుంటుంది. సాటిన్‌లో అలా కాదు, పడుగు పోగు నాలుగైదు పేకల మీదుగా తేలుతూ వెళ్లి ఒక్కచోట దిగుతుంది, ఆ పొడుగాటి పోగుల మీద పడ్డ వెలుతురు అద్దం మీద పడ్డట్టు తిరిగొస్తుంది. కాబట్టి మడత గట్టు మీద లేతనీలం, దాన్ని ఆనుకునే చిక్కటి ముదురునీలం, మధ్యలో మెల్లగా కలిపే రంగు దాదాపు ఉండకూడదు. మీ అమ్మాయి బహుశా అక్కడే నున్నగా కలిపేస్తోంది. మెరుపు ఆ చీకటి పక్కన ఉండటం వల్లే పుడుతుంది, తెలుపు వల్ల కాదు.

టెన్షన్ పడకుండా ఒక సాటిన్ జాకెట్టుముక్క తెచ్చి, కిటికీ పక్కన కుర్చీ మీద వేసి, కళ్లు సగం మూసి చూడమనండి. ముందు ముదురు మరకలు మాత్రమే పెన్సిల్‌తో గీయాలి, తెలుపు చిట్టచివర, అదీ చుక్కలుగా. గౌను కింద ఒళ్లు ఎటు తిరిగి ఉందో తెలియకపోతే మడతలు నిలవవు, ఆంగ్ర్ కూడా ముందు బట్టల్లేని మోడల్‌తో ఆ భంగిమ గీసుకున్నాడు.

అసలు చిత్రం న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది, వాళ్ల వెబ్‌సైట్‌లో పెద్ద సైజు ఫొటో ఉచితంగా దిగుతుంది. ఫోన్‌లో తిరిగే ఫార్వర్డ్ బొమ్మ చూసి మాత్రం వేయనివ్వకండి, వాటిలో ముదురునీలాలన్నీ ఒకే ముద్దయిపోతాయి.