హన్మకొండలో ఇల్లు, మీరేమో డాలస్‌లో: కిరాయిదారు, కబ్జాదారు, మధ్యలో మనవాళ్లు

అమెరికా వచ్చిన మొదటి ఏడాది సందేహాలన్నీ వీసా గురించి, కారు గురించి. రెండో ఏడాది నుంచి మొదలవుతాయి ఊరి సంగతులు. "నైమ్‌నగర్‌లో ఇల్లుంది, కిరాయికున్నవాళ్లు ఖాళీ చేయట్లేదు." లేదంటే "భీమారంలో రెండొందల గజాల ప్లాటుంది, ఎవరో కడీలు పాతారట." వివరాలు అడిగితే చాలాసార్లు ఒకే కథ బయటపడుతుంది. ఇల్లు మీ పేరు మీద, కిరాయి ఒప్పందం బావగారి పేరు మీద, డబ్బులు అమ్మ ఫోన్‌పేకి, ఒరిజినల్ డాక్యుమెంట్లు మేనమామ బీరువాలో. అందరూ మనవాళ్లే కాబట్టి నడుస్తుంది. గొడవ వచ్చిన రోజున మాత్రం, ఆ కిరాయిదారును ఇంట్లో పెట్టింది మీరేనని చెప్పే కాగితం ఒక్కటీ కనిపించదు.

అది చిన్న విషయం కాదు. కిరాయిదారు తనను ఇంట్లో పెట్టిన యజమాని హక్కును కాదనడానికి వీల్లేదని చట్టం. ఒప్పందంలో బావగారే ఓనరని ఉంటే ఆ రక్షణ బావగారికి దక్కుతుంది, మీకు కాదు. రేపు మీరు నోటీసు పంపితే "మీరెవరో నాకు తెలియదు, నా ఓనరు ఆయన" అని జవాబొస్తుంది. కాబట్టి ఒప్పందంలో యజమానిగా మీ పేరు, పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయించండి. సంతకం అక్కడివాళ్లు చేస్తుంటే "యజమాని తరఫున పవర్ ఆఫ్ అటార్నీ (మీ బదులు పని చేసే అధికారమిచ్చే పత్రం) పొందిన ఫలానా" అని ఉండాలి.

ఆ పవర్ ఆఫ్ అటార్నీలోనే చాలామంది మొదటి తప్పు చేస్తారు. ఇంటర్నెట్‌లో దొరికిన జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) నమూనా దించుకొని, అందులోని "అమ్ముటకు, తనఖా పెట్టుటకు, బహుమతిగా ఇచ్చుటకు" అన్న వాక్యంతో సహా సంతకం పెట్టేస్తారు. కిరాయికి ఇవ్వడానికి, కిరాయి వసూలు చేయడానికి, ఇంటి పన్ను, కరెంటు బిల్లు కట్టడానికి, నోటీసు ఇచ్చి కోర్టులో కేసు వేయడానికి అమ్మే అధికారం అక్కర్లేదు. స్పెషల్ పవర్ ఆఫ్ అటార్నీ చాలు. ఇంటి నంబరు, హద్దులు, ఒక్కో అధికారం విడివిడిగా, ఎప్పటిదాకా చెల్లుతుందో తేదీతో రాయించండి. ఇండియన్ కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించవచ్చు, లేదా అమెరికాలోని నోటరీ దగ్గర సంతకం పెట్టి అపోస్టిల్ (వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం ఇచ్చే ధ్రువీకరణ) తెప్పించుకోవచ్చు. కాగితం ఇండియా చేరిన మూడు నెలల్లోపు జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టించాలి. కొరియర్ కవరు పారేయకండి, చేరిన తేదీకి రుజువు అదే. మనిషిని మార్చాలనుకుంటే ఫోన్లో చెబితే సరిపోదు. రద్దు పత్రం రాయించి, ఆయనకూ కిరాయిదారుకూ బ్యాంకుకూ కాపీ పంపాలి.

ఒప్పందం 11 నెలలకే ఎందుకంటే, దేశంలో చాలాచోట్ల ఏడాది దాటే లీజుకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాబట్టి. మన దగ్గర మాత్రం 1999 సవరణ తర్వాత గడువు ఎంతైనా లీజుకు రిజిస్ట్రేషన్ కావాలి. 11 నెలలు అయిపోయాక కొత్త కాగితం రాసుకోకుండా కిరాయి తీసుకుంటూ పోతే అది నెలనెలా కిరాయి అవుతుంది. కొంప మునగదుగానీ, కిరాయి పెంపు, సబ్‌లీజు లాంటి షరతుల మీద వాదన మొదలవుతుంది. పదో నెలలోనే ఫోన్లో గుర్తు పెట్టుకోండి. మామూలు షరతులకు తోడు హన్మకొండలో రెండు అదనంగా కావాలి: ఇంట్లో ఉండేవాళ్ల పేర్లు, సంఖ్య, కుటుంబ నివాసానికి తప్ప హాస్టల్, మెస్, ట్యూషన్ సెంటర్‌కు వాడొద్దని. కాకతీయ యూనివర్సిటీ చుట్టూ, మెడికల్ కాలేజీ వైపు, ఎన్ఐటీ దారిలో డూప్లెక్స్ ఇల్లు "ఫ్యామిలీ" పేరుతో తీసుకొని, రెండో నెలకు గదికి నాలుగు మంచాలు వేయడం మామూలే. దాన్ని పట్టిచ్చేది కరెంటు మీటరు. ఉత్తర డిస్కమ్ (కరెంటు సరఫరా కంపెనీ) సర్వీసు నంబరు మీ దగ్గరుంటే ప్రతి నెలా యూనిట్లు చూడవచ్చు. రెండొందలు తిరిగే ఇంట్లో ఏడెనిమిది వందలు తిరిగితే, ఎండాకాలం కాకపోతే, ఎవరినైనా పంపి చూడాల్సిందే. ఇంటి మీటరును వ్యాపారానికి వాడితే విద్యుత్ చట్టం సెక్షన్ 126 కింద రెట్టింపు రేటుతో, ఎప్పటి నుంచో తేలకపోతే 12 నెలలు వెనక్కి లెక్కగట్టి బిల్లు వేస్తారు. కిరాయిదారు ఖాళీ చేసి పోయినా ఆ సర్వీసు మీ పేరు మీదే ఉంటుంది.

కిరాయి మీ ఎన్ఆర్ఓ ఖాతాలోకే (ఇండియాలో వచ్చే ఆదాయం కోసం ఎన్నారైలు తెరిచే బ్యాంకు ఖాతా) రావాలి. విదేశంలో ఉండే ఓనరుకు కిరాయి ఇచ్చేవాళ్లు పన్ను కోసి కట్టాలి: 30 శాతం, దానిమీద 4 శాతం సెస్, మొత్తం 31.2 శాతం. కంపెనీ తీసుకుంటే ఎలాగూ కోస్తుంది. మామూలు కుటుంబాలకు ఈ నియమం తెలియదు. మీరు ఎన్నారై అని ఒప్పందంలో రాయించి, ముందే చెప్పి ఉంచడం మంచిది. ఇంటి పన్ను తీసేసి, మిగిలినదాంట్లో 30 శాతం స్టాండర్డ్ డిడక్షన్ పోతుంది కాబట్టి, రిటర్ను వేస్తే చాలామందికి రీఫండ్ వస్తుంది. ఈ కిరాయిని అమెరికా రిటర్నులోనూ చూపాలి. ఇండియాలోని మీ ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఒక్కరోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలు అమెరికా ప్రభుత్వానికి ఇచ్చే ఫారం) కూడా వేయాలి. అమ్మ ఫోన్‌పేలోకి వచ్చే కిరాయికి ఇవేవీ ఉండవని సంబరపడకండి. రేపు కోర్టులో "ఇన్నేళ్లూ కిరాయి నాకే కట్టాడు" అని చూపాల్సింది మీ ఖాతా స్టేట్‌మెంటే.

ఇక అసలు తలనొప్పి, కిరాయి ఎగ్గొట్టడం. దీనికో వరస ఉంటుంది. మొదటి నెల పదో తారీఖు ఇరవై అవుతుంది. తర్వాత "అడ్వాన్సులో కట్ చేసుకోండి." అడ్వాన్సు అయిపోయేసరికి పిల్లల పరీక్షలు, ఇంట్లో ఎవరికో ఆపరేషన్. అడ్వాన్సు పూర్తిగా అయ్యేదాకా ఆగడమే మనవాళ్లు చేసే తప్పు. రెండో నెల కిరాయి రాని రోజే నోటీసు పోవాలి. నెలనెలా కిరాయికి, ఒప్పందంలో వేరే గడువు లేకపోతే, ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం 15 రోజుల నోటీసు చాలు. లాయరు ద్వారా, స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపండి. వాట్సాప్‌లోనూ పెట్టండి, కానీ దాన్నే నమ్ముకోకండి. కవరు తీసుకోకుండా తిప్పి పంపితే ఆ కవరును చింపకుండా అలాగే దాచండి.

నోటీసు గడువు ముగిశాక కిరాయిదారు ఒక చిన్న ఎత్తు వేస్తాడు. ఏదో ఒక రోజు మీ ఖాతాలో ఐదు వేలు పడుతుంది. మీరు ఊరుకుంటే, కిరాయి తీసుకున్నారు కాబట్టి నోటీసు వదులుకున్నట్టేనని వాదిస్తాడు. అదే రోజు రాతపూర్వకంగా చెప్పండి: ఇది పాత బాకీ కింద జమ చేసుకున్నాం, నోటీసు అలాగే ఉంది, ఇకపై ఉన్న రోజులకు నష్టపరిహారం కట్టాలి.

రెంట్ కంట్రోల్ కోర్టు అంటే చాలామందికి భయం. 2005 సవరణ తర్వాత మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల కిరాయి 3,500 దాటితే రెంట్ కంట్రోల్ చట్టం వర్తించదు. ఇవాళ గ్రేటర్ వరంగల్‌లో ఒక మాదిరి ఇల్లు ఏదీ ఆ లోపు రాదు కాబట్టి మీ కేసు మామూలు సివిల్ కోర్టుకే వెళ్తుంది. స్వాధీనం, బాకీ, నష్టపరిహారం మూడూ కలిపి అడగాలి. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన దగ్గర చేర్చిన ఆర్డర్ 15-ఎ అనే నిబంధన ఉంది: కేసు నడుస్తున్నన్నాళ్లూ కిరాయిదారు బాకీనీ నెలనెలా కిరాయినీ కోర్టులో కట్టాలి, కట్టకపోతే అతని వాదనను కొట్టేయవచ్చు. మీ లాయరు దీని ఊసే ఎత్తకపోతే మీరే అడగండి. ఊరికే కాలయాపన చేద్దామనుకునేవాళ్లు దిగివచ్చేది ఇక్కడే.

చేయకూడనివి: కరెంటు తీయించడం, నీళ్లు బంద్ చేయడం, వాళ్లు పెళ్లికి పోయినప్పుడు తాళం మార్చడం. బలవంతంగా బయటికి నెడితే ఆరు నెలల్లోపు కేసు వేసి మళ్లీ ఇంట్లోకి వచ్చే హక్కు కిరాయిదారుకు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ఇస్తుంది. దానికి హక్కుపత్రాలతో పని లేదు. "సెటిల్ చేసిపెడతాం" అనేవాళ్ల జోలికి అసలే పోవద్దు. కిరాయిదారును వెళ్లగొట్టినవాడు తానే దిగబడితే అతనితో ఒప్పందం కూడా ఉండదు.

"పన్నెండేళ్లుంటే ఇల్లు వాళ్లదైపోతుందట కదా?" కాదు. ఆ 12 ఏళ్లు మీ హక్కును బాహాటంగా కాదంటూ ఉన్నవాడికి. ఒప్పందం మీద ఉన్న కిరాయిదారుకు కాదు, కాపలాకు ఉంచిన మనిషికీ కాదు. వాచ్‌మన్, చుట్టం ఎన్నేళ్లున్నా హక్కు రాదని సుప్రీంకోర్టు 2012లో మరియా మార్గరిడా కేసులో స్పష్టంగా చెప్పింది. అయినా ఉచితంగా ఉంటున్న పెద్దనాన్న కొడుకు దగ్గర కూడా "మీ అనుమతితో ఉంటున్నాను" అని ఒక్క ముక్క రాయించుకోండి. మొహమాటమే, కానీ ఇప్పుడే తక్కువ మొహమాటం.

టు-లెట్ ప్రకటన పెట్టగానే మొదటి ఫోను తరచు మోసగాడిదే. ఆర్మీలో ఉన్నానంటాడు, ఇల్లు చూడకుండానే ఒప్పుకుంటాడు, అడ్వాన్సు పంపడానికి క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటాడు. పైసలు రావడానికి స్కానూ పిన్నూ అక్కర్లేదు. ఊళ్లో నాన్నకు ఈ ఒక్క మాట గట్టిగా చెప్పి పెట్టండి. ఇంకోటి, జీఎస్టీ రిజిస్ట్రేషన్ కోసమని కిరాయిదారు మీ కరెంటు బిల్లు, ఇంటి పన్ను రసీదు, నిరభ్యంతర పత్రం అడగవచ్చు. నివాసానికి ఇచ్చిన ఇంటికి ఇవ్వకండి. ఇచ్చే ఏ కాపీ మీదైనా ఎవరికి, దేనికి, ఏ తేదీన అని అడ్డంగా రాయండి. లేకపోతే మీ చిరునామాలో ఊరూపేరూ లేని కంపెనీ పుట్టి నోటీసులు మీకొస్తాయి.

ప్లాటు సంగతి వేరు. అక్కడ కిరాయిదారు కూడా ఉండడు, కనిపెట్టేవాళ్లు ఉండరు. వరంగల్ చుట్టూ ఒకప్పుడు గ్రామ పంచాయతీలుగా ఉండి కార్పొరేషన్‌లో కలిసిన చోట్ల పాత వెంచర్లలో డబుల్ రిజిస్ట్రేషన్ ఎందుకొస్తుందో తెలుసుకుంటే సగం జాగ్రత్త అక్కడే ఉంది. ప్లాట్లు గజాల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో అమ్ముడుపోయాయి. కానీ రెవెన్యూ రికార్డులో ఆ సర్వే నంబరు ఎకరాలు, గుంటల్లో పాత పట్టాదారు పేరునే ఉండిపోయింది. ఆయన పోయాక వారసులు ఆ రికార్డు చూపి పాసుబుక్ తెచ్చుకొని మళ్లీ అమ్ముతారు. రెండు లెక్కలు ఒకదాన్నొకటి చూసుకోవు, చూసుకోవాల్సింది మీరే. మూడు నెలలకోసారి సబ్ రిజిస్ట్రార్ వైపు ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీయండి, రెవెన్యూ రికార్డుల పోర్టల్ భూభారతిలో మీ సర్వే నంబరు ఎవరి పేర ఉందో చూడండి. 2025 ఏప్రిల్ దాకా ఇది ధరణి. ఈసీ మీ డాక్యుమెంటు నంబరుతో తీస్తే సరిపోదు. దొంగ డాక్యుమెంటులో ప్లాటు నంబరు "42/ఎ" అనో "ఉత్తర భాగం" అనో మారుస్తారు. అందుకే సర్వే నంబరుతో, మొత్తం వెంచరు వచ్చేలా వెతికి, మీ హద్దులతో పోల్చాలి. ఆన్‌లైన్‌లో 1983 నుంచే దొరుకుతుంది, అంతకు ముందుది ఆఫీసులో తీయించాలి.

స్థలం చుట్టూ కడీలు పాతి వైరు లాగించండి, వీలైతే ప్రహరీ కట్టండి, బోర్డు పెట్టండి. బోర్డు మీద పేరు, ఫోను నంబరు చాలు. డాక్యుమెంటు నంబరు రాస్తే దాంతో సర్టిఫైడ్ కాపీ ఎవరైనా తీసుకోవచ్చు. దొంగ జీపీఏ తయారయ్యేది అలాంటి కాపీలోని వివరాలతోనే. లోపల షెడ్డు లేచిందని తెలిస్తే వారంలోపు కదలాలి: పోలీసు ఫిర్యాదు, కార్పొరేషన్‌లో అనుమతి లేని కట్టడమని ఫిర్యాదు, కోర్టులో ఇంజంక్షన్ (పని ఆపమనే ఉత్తర్వు). మీ ప్లాటు వేరేవాళ్లకు రిజిస్టరైపోయిందని తెలిస్తే, దాన్ని రద్దు చేయమని కోర్టుకెళ్లడానికి తెలిసిన రోజు నుంచి మూడేళ్ల గడువు. "ఈసారి వచ్చినప్పుడు చూద్దాం" అంటూ ఆ మూడేళ్లూ గడిపేసినవాళ్లు తక్కువేం కాదు.

టెక్స్‌టైల్ పార్కు, మామునూరు ఎయిర్‌పోర్టు పేర్లు చెప్పి గుంటల లెక్కన "ఫామ్ ప్లాట్లు" అమ్మేవాళ్లు మీకు ఫోన్ చేస్తారు. ఎన్నారైలు, ఓసీఐ కార్డు ఉన్నవాళ్లు వ్యవసాయ భూమి గానీ ఫామ్‌హౌస్ గానీ కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం ఫెమా ఒప్పుకోదు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అమ్మేవాడు ఈ మాట చెప్పడు, చిన్నమ్మ పేర కొనమని సలహా ఇస్తాడు.

కేసు వేశాక సాక్ష్యం రోజు ఒకటి వస్తుంది. మీకు మాత్రమే తెలిసిన సంగతులను మీ బదులు పవర్ ఆఫ్ అటార్నీ మనిషి చెప్పలేడని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. కాబట్టి ఆ వాయిదాకు రావడానికి సెలవు పెట్టుకోండి, లేదా వీడియోలో సాక్ష్యానికి అనుమతి అడగమని లాయరుకు ముందే చెప్పండి. ఒరిజినల్స్ అప్పటికి మేనమామ బీరువాలోంచి హన్మకొండ బ్యాంకు లాకరులోకి, మీరూ అమ్మా కలిసి ఉన్న లాకరులోకి, చేరి ఉండాలి.