రోజూ ఫుల్ బ్యాకప్ తీస్తున్నా ఎల్‌డిఎఫ్ ఎందుకు పెరిగిపోతోంది?

అనంతపురంలో మందుల హోల్‌సేల్ షాపు, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఎక్స్‌ప్రెస్ (మైక్రోసాఫ్ట్ డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌లో ఉచిత రకం), డేటా ఫైలు 4 జీబీ, లాగ్ ఫైలు, అంటే ఎల్‌డిఎఫ్, 90 జీబీ. డిస్క్ నిండిపోయి 9002 ఎర్రర్‌తో (లాగ్ నిండిందని) బిల్లింగ్ ఆగింది, ఎల్‌డిఎఫ్ డిలీట్ చేయొచ్చా అని కదా మీరడిగింది.

డిలీట్ మాత్రం చేయొద్దన్నా. సర్వీసు ఆపి తీసేస్తే ఒక్కోసారి డేటాబేస్ మళ్లీ తెరుచుకుంటుంది కూడా, అలా బయటపడినవాళ్లే మిగతావాళ్లకు ఈ సలహా ఇస్తుంటారు. బిల్లు సేవ్ కొట్టగానే అది ముందు లాగ్‌లో పడుతుంది, డేటా ఫైల్లోకి ఆ తర్వాత నిదానంగా చేరుతుంది. మధ్యలో కరెంటు పోతే, సర్వర్ లేచాక లాగ్ చూసుకునే లెక్క సరిచేసుకుంటుంది. చిట్టా చింపేసి ఆవర్జా ఒక్కటి చాలంటే ఏ షావుకారైనా ఒప్పుకుంటాడా?

ఇక రోజూ రాత్రి ఫుల్ బ్యాకప్ తీస్తున్నాం కదా అన్నారు. చిక్కంతా అక్కడే ఉంది. రికవరీ మోడల్ (లాగ్‌ను ఎప్పటిదాకా దాచుకోవాలో చెప్పే సెట్టింగ్) ఫుల్‌లో ఉంటే, ఫుల్ బ్యాకప్ ఎన్నిసార్లు తీసినా లాగ్‌లో చోటు ఖాళీ కాదు. లాగ్ బ్యాకప్ విడిగా తీయాలి. సాఫ్ట్‌వేర్ పెట్టిన వాళ్లు ఈ సంగతి షాపు వాళ్లకు చెప్పరు, అదే నాకు బాధ.

అయినా అదే కారణమని ముందే అనుకోవద్దు, సర్వర్‌నే అడగండి. సర్వర్‌లోని డేటాబేస్‌ల వివరాలు చూపే సిస్.డేటాబేసెస్‌లో లాగ్_రీయూజ్_వెయిట్_డెస్క్ అనే కాలమ్ ఉంటుంది, లాగ్ ఎందుకు ఖాళీ కావడం లేదో అదే చెబుతుంది. ఆదోనిలో నేను చూసుకునే పత్తి జిన్నింగ్ మిల్లులో సీజన్ మధ్యలో ఇలాగే లాగ్ నిండింది. లాగ్ బ్యాకప్‌లు సరిగ్గానే నడుస్తున్నాయి, కాలమ్‌లో మాత్రం యాక్టివ్_ట్రాన్సాక్షన్ అని వచ్చింది, అంటే మొదలై ఇంకా ముగియని పని ఏదో ఉందని. డిబిసిసి ఓపెన్‌ట్రాన్ అనే కమాండ్ కొడితే పొద్దున మొదలైన ట్రాన్సాక్షన్ ఒకటి ఇంకా తెరిచే ఉంది. కాటా దగ్గరి కంప్యూటర్‌లో తూకం చీటీ దిద్దడానికి ఒక విండో తెరిచి, సేవ్ చేయకుండా అలాగే వదిలేశారు, ఆ సాఫ్ట్‌వేర్ విండో మూసేదాకా ట్రాన్సాక్షన్‌ను పట్టుకునే కూర్చుంటుంది. విండో మూసి, మరో లాగ్ బ్యాకప్ తీశాక చోటు దొరికింది. బయట లారీలు వరుసకట్టి ఉన్నప్పుడు ఆ కాలమ్ చూడటం ఎంత టైం మిగిల్చిందో చెప్పలేను.

మీ దాంట్లో లాగ్_బ్యాకప్ అని (లాగ్ బ్యాకప్ కోసమే ఆగి ఉందని) వస్తే ఎక్స్‌టర్నల్ డిస్క్ మీదికి ఒక లాగ్ బ్యాకప్ తీయండి. లోపల ఖాళీ అవుతుంది గానీ ఫైలు సైజు అలాగే కనిపిస్తుంది, కంగారు పడొద్దు. అప్పుడు డిబిసిసి ష్రింక్‌ఫైల్ కమాండ్‌తో ఫైలును ఒకసారి 2 జీబీకి తగ్గించండి, మొదటిసారి తగ్గకపోతే ఇంకో లాగ్ బ్యాకప్ తీసి మళ్లీ కొట్టండి. బ్యాకప్‌కు ఎక్కడా చోటు లేకపోతే మోడల్‌ను సింపుల్‌కు (లాగ్ బ్యాకప్ లేకుండానే లాగ్ ఖాళీ అయ్యే పద్ధతికి) మార్చి, ష్రింక్ చేసి, తిరిగి ఫుల్‌కు మార్చిన వెంటనే ఫుల్ బ్యాకప్ తీయాలి, ఎందుకంటే పాత లాగ్ బ్యాకప్‌ల గొలుసు అక్కడితో తెగిపోతుంది.

ఆ తర్వాత మీ ఓనర్‌ను ఒక్క మాట అడగండి: సాయంత్రం 4 గంటలకు డిస్క్ పోతే ఆరోజు బిల్లులన్నీ చేత్తో మళ్లీ ఎక్కించగలరా? ఎక్కిస్తామంటే సింపుల్ మోడల్, రాత్రి ఫుల్ బ్యాకప్ సరిపోతాయి. కాదంటే ఫుల్‌లోనే ఉంచి, అరగంటకోసారి లాగ్ బ్యాకప్ తీసి వేరే మెషిన్‌లో పడేలా పెట్టండి. ఎక్స్‌ప్రెస్‌లో ఏజెంట్ (టైం ప్రకారం పనులు నడిపే భాగం) ఉండదు కాబట్టి ఎస్‌క్యూఎల్‌సిఎండి కమాండ్‌ను విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో పెట్టుకోవాలి.

ప్రతి ఆదివారం ష్రింక్ అయ్యేలా జాబ్ మాత్రం పెట్టొద్దు. సోమవారం మళ్లీ పెరుగుతుంది, పెరిగిన ప్రతిసారీ కొత్త చోటును సున్నాలతో నింపేదాకా బిల్లింగ్ కాస్త ఆగుతుంది. ఆటోగ్రోత్ (నిండినప్పుడు లాగ్ ఫైలు ఒక్కోసారి ఎంత పెరగాలనే సెట్టింగ్) 10 శాతం అని ఉంటే తీసేసి 256 ఎంబీ అని పెట్టండి. కాలమ్‌లో ఏం వచ్చిందో ఇక్కడ రాయండి, చూసి చెబుతాను.