ల్యాబ్‌లో పాత కంప్యూటర్లు మార్చే ప్రాజెక్టు: ఇందులో కెరీర్ ఉందా?

ప్రశ్న: నేను కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఒక ఔషధ తయారీ సంస్థలో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. వాళ్ల నాణ్యతా పరీక్షల ల్యాబ్‌లో విండోస్ 7, కొన్నిచోట్ల ఎక్స్‌పీతో నడిచే కంప్యూటర్లు ఇంకా ఉన్నాయి. వాటినీ, పాత సర్వర్లనూ మార్చే ప్రాజెక్టులో వేస్తామన్నారు. క్లౌడ్, ఏఐ వైపు వెళ్తున్న స్నేహితులు ఇది పాత సామాను సర్దే పని అంటున్నారు. చేరమంటారా? చేరితే ఏం నేర్చుకోవాలి?

జవాబు: చేరండి. అయితే ఒప్పుకొనే ముందు ఒక సంగతి అడిగి తెలుసుకోండి. మీ చేత కంప్యూటర్లు మార్పించి, తీగలు బిగింపించి వదిలేస్తారా, లేక వాలిడేషన్ (వ్యవస్థ అనుకున్నట్టే పనిచేస్తోందని పరీక్షించి నిరూపించడం) పత్రాలు రాసేచోట, డేటా తరలించేచోట కూర్చోబెడతారా? మొదటిదైతే రెండు నెలలు దాటాక కొత్తగా నేర్చుకునేదేమీ ఉండదు. రెండోదైతే, ఐటీ తెలిసినవాళ్లలో చాలామందికి రాని పని మీ చేతికి వస్తుంది.

అసలు అంత పాత యంత్రాలు అక్కడ ఎందుకున్నాయో ముందు తెలియాలి. మందులో అసలు పదార్థం ఎంత ఉంది, మలినాలు ఎంత ఉన్నాయి అని కొలిచే హెచ్‌పీఎల్‌సీ లాంటి పరికరం బాగా చూసుకుంటే పదిహేనేళ్లు పనిచేస్తుంది. దాన్ని నడిపే కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు అంత ఆయుష్షు ఉండదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లో, విండోస్ 7కు 2020 జనవరిలో, విండోస్ 10కు 2025 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ ఆపేసింది. పరికరం డ్రైవర్ 32 బిట్‌ది, కొత్త విండోస్‌లో ఎక్కదు. కొన్ని పరికరాలకు కంప్యూటర్ లోపల ప్రత్యేక కార్డు కావాలి, ఆ కార్డు పట్టే స్లాట్ కొత్త మదర్‌బోర్డుల్లో లేదు. సాఫ్ట్‌వేర్ లైసెన్సు ఒక డాంగిల్‌కు, అంటే కంప్యూటర్‌కు తగిలించే తాళంచెవి లాంటి చిన్న పరికరానికి, ముడిపడి ఉంటుంది. వీటన్నిటికీ మించి, ఆ కంప్యూటర్ సరిగా పనిచేస్తోందని ఎప్పుడో పరీక్షించి సంతకాలు చేసిన దస్త్రం ఒకటి ఉంటుంది. యంత్రం మారిస్తే ఆ దస్త్రం చెల్లదు, మళ్లీ నిరూపించాలి. అందుకే ఎవరూ ముట్టుకోరు. బద్ధకం అనుకుని మొదలుపెట్టినవాళ్లు మొదటి వారంలోనే ల్యాబ్ వాళ్లతో గొడవ పడతారు.

ఈ రంగంలో కొత్తది పెట్టడం తేలిక. పాతది చెప్పిన ఫలితమే కొత్తదీ చెబుతుందని, మధ్యలో ఏదీ పోలేదని, బయటి తనిఖీ అధికారి ముందు చూపించగలగడం కష్టం. మీరు నేర్చుకోవాల్సింది ఈ రెండోది.

నియమాల పేర్లు రెండు మూడు గుర్తుంచుకుంటే చాలు. అమెరికా ఎఫ్‌డీఏ ఎలక్ట్రానిక్ రికార్డులు, సంతకాల కోసం 1997లో తెచ్చిన 21 సీఎఫ్‌ఆర్ పార్ట్ 11, యూరప్‌లో 2011లో సవరించిన అనెక్స్ 11, పరిశ్రమ అంతా అనుసరించే గ్యాంప్ 5 మార్గదర్శకం, దానికి 2022లో వచ్చిన రెండో ముద్రణ. ప్రతి రికార్డూ ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, తర్వాత ఏం మార్చారో, ఎందుకు మార్చారో తెలియాలి. అసలు రికార్డు చెరిగిపోకూడదు. పాత ల్యాబ్ కంప్యూటర్లలో మీకు తరచూ కనిపించే లోపాలన్నీ ఇక్కడే ఉంటాయి. అందరికీ ఒకటే లాగిన్. పరీక్ష చేసే వ్యక్తికే అడ్మిన్ హక్కులు, అంటే తన ఫైలు తానే చెరిపేయగలడు. కంప్యూటర్ గడియారాన్ని ఎవరైనా వెనక్కి తిప్పవచ్చు. ఆడిట్ ట్రయల్ (ఎవరు ఎప్పుడు ఏం మార్చారో నమోదు చేసే చిట్టా) సదుపాయం ఉన్నా ఆన్ చేసి ఉండదు.

ప్రాజెక్టు జాబితాతో మొదలవుతుంది. నెట్‌వర్క్ స్కానర్ పెట్టి అన్నీ ఒక్క దెబ్బకు పట్టేద్దామనుకోకండి. గట్టిగా స్కాన్ చేస్తే పాత పీఎల్‌సీలు (ఉత్పత్తి యంత్రాలను నడిపే చిన్న కంప్యూటర్లు), పరికరాల కంట్రోలర్లు ఆగిపోయే ప్రమాదం ఉంది, నడుస్తున్న పరీక్ష పాడవుతుంది. పైగా నెట్‌వర్క్‌లో లేని కంప్యూటర్లు అందులో కనిపించవు. నోట్‌బుక్కు పట్టుకుని ప్రతి బెంచీ దగ్గరికీ నడవండి. పరికరం పేరు, ఆపరేటింగ్ సిస్టమ్, సాఫ్ట్‌వేర్ వెర్షన్, ఎలా కలుపుతారు (సీరియల్ పోర్టా, యూఎస్‌బీనా, ఈథర్‌నెట్టా), లైసెన్సు ఎలా ఉంది, డేటా ఎక్కడ చేరుతోంది, బ్యాకప్ ఎవరు తీస్తున్నారు, బాధ్యుడు ఎవరు అని రాసుకోండి. ఎవరో ఏళ్ల క్రితం రాసిన ఎక్సెల్ మాక్రో, ఏదో మూల నడుస్తున్న యాక్సెస్ డేటాబేస్ కూడా జాబితాలోకి రావాలి. మందు విడుదల చేయాలా వద్దా అన్న నిర్ణయం వెనక అలాంటి ఫైలు ఉంటే అది పెద్ద సర్వర్‌తో సమానం.

జాబితా అయ్యాక ఒక్కోదానికీ ఒక నిర్ణయం జరగాలి: తీసేయడం, వెర్షన్ పెంచడం, పూర్తిగా కొత్తది కొనడం, లేదంటే అలాగే ఉంచి నెట్‌వర్క్‌లో వేరు చేయడం. చివరి దాన్ని చాలామంది చిన్నచూపు చూస్తారు. మార్చడానికి వీల్లేని పరికరానికి అదే సరైన దారి. విడి వీల్యాన్‌లో (నెట్‌వర్క్‌లో వేరు చేసిన భాగంలో) పెట్టి, ఫైర్‌వాల్‌లో అవసరమైన పోర్టు తప్ప అన్నీ మూసేసి, ఇంటర్నెట్, ఈమెయిల్ అందకుండా చేసి, యూఎస్‌బీ డ్రైవులు ఆపాలి. ఒక చిక్కుంది. ఎక్స్‌పీ ఫైళ్లు పంచుకోవడానికి ఎస్‌ఎంబీ మొదటి వెర్షన్ ఒక్కటే వాడగలదు. కొత్త విండోస్ సర్వర్లలో అది డీఫాల్ట్‌గా ఉండదు. ఫైళ్లు వెళ్లడం లేదని దాన్ని కొత్త సర్వర్‌లో తెరిచారో, 2017 మేలో వాన్నాక్రై మాల్‌వేర్ దూరిన ద్వారాన్ని మీరే తెరిచినట్టు. మధ్యలో ఒక చిన్న గేట్‌వే యంత్రం పెట్టి, అది పాత వైపు నుంచి ఫైళ్లు తీసుకుని కొత్త వైపు వేరే పద్ధతిలో పంపేలా చేయాలి. అదే ఏడాది జూన్‌లో నాట్‌పెట్యా దాడిలో అమెరికా ఔషధ సంస్థ మెర్క్ ఉత్పత్తి దెబ్బతింది. ఆ మాల్‌వేర్ ఒక యంత్రంలో చిక్కిన పాస్‌వర్డులతో ప్యాచ్ వేసిన యంత్రాల్లోకి కూడా పాకింది. అందుకే వేరుచేసిన పాత కంప్యూటర్‌లో డొమైన్ అడ్మిన్ ఖాతాతో ఎప్పుడూ లాగిన్ కాకూడదు.

ఇక డేటా తరలింపు. మీ ఆరు నెలల్లో ఎక్కువ కాలం దీని మీదే పెట్టండి, ఎక్కువ తప్పులు జరిగేదీ ఇక్కడే. పాత ఫలితాలన్నీ పీడీఎఫ్‌లుగా తీసి దాచేస్తే సరిపోతుందని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. పీడీఎఫ్‌లో గ్రాఫు బొమ్మ ఉంటుంది, అంతే. గ్రాఫులో ఒక్కో పదార్థానికి వచ్చే శిఖరం కింద గీత ఎక్కడి నుంచి ఎక్కడికి గీశారో, మళ్లీ గీస్తే ఫలితం మారుతుందో చూడాలంటే ముడి డేటా, ప్రాసెసింగ్ పద్ధతి, ఆడిట్ ట్రయల్ అన్నీ కావాలి. అమెరికా నియమాల ప్రకారం గడువు తేదీ ఉన్న మందుల తయారీ రికార్డులను ఆ బ్యాచ్ గడువు ముగిశాక కనీసం ఏడాది ఉంచాలి. అందుకని పాత సాఫ్ట్‌వేర్‌ను చదవడానికి మాత్రమే పనికొచ్చేలా వర్చువల్ మెషీన్‌లో ఉంచుతారు. అలా మార్చేటప్పుడు డాంగిల్ వర్చువల్ మెషీన్‌కు కనబడకపోవడం, లైసెన్సు పాత నెట్‌వర్క్ కార్డు చిరునామాకు కట్టి ఉండటం మామూలే. పాత యంత్రం తీసేయక ముందే పరీక్షించాలి.

తరలించేటప్పుడు పోయేవి చిన్నవిగా కనిపిస్తాయి. 00417 అనే నమూనా సంఖ్య 417 అవుతుంది. 0.10 అని నమోదైన ఫలితం 0.1 అవుతుంది, అంటే రెండో అంకె వరకు కొలిచామన్న సమాచారం పోయింది. మైక్రోగ్రామ్ గుర్తు అక్షరాల ఎన్‌కోడింగ్ తేడాతో చెత్తగా మారుతుంది, చూసినవాళ్లు మిల్లీగ్రాములు అనుకుంటే వెయ్యి రెట్ల తేడా. 03/04 అంటే మార్చి నాలుగా, ఏప్రిల్ మూడా? సంస్థ వదిలి వెళ్లిన ఉద్యోగుల ఖాతాలు కొత్త వ్యవస్థలో లేకపోతే ఆడిట్ ట్రయల్‌లో ఎవరు చేశారన్న చోట ఖాళీ వస్తుంది. జన్యువుల పేర్లను ఎక్సెల్ తేదీలుగా మార్చేయడం ఎంత ముదిరిందంటే, మానవ జన్యువుల నామకరణ సంఘం మార్చ్1 పేరును మార్చ్‌ఎఫ్1గా, సెప్ట్2 పేరును సెప్టిన్2గా మార్చింది. 2020లో ప్రకటించిన మార్గదర్శకాల్లో ఆ సంగతి చెప్పింది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది అంకెల సవరణ (రౌండింగ్). 0.25ను ఒక దశాంశ స్థానానికి సవరిస్తే ఎక్సెల్ 0.3 అంటుంది. పైథాన్‌లోని మామూలు రౌండ్ ఫంక్షన్ 0.2 అంటుంది. మలినం 0.2 శాతం మించకూడదన్న పరిమితి ఉంటే, ఒకే కొలత ఒకచోట ఫెయిలు, ఇంకోచోట పాసు. పాత వ్యవస్థ ఏ పద్ధతి వాడిందో, ల్యాబ్ నియమావళి ఏది వాడమంటోందో ముందే చూసుకోవాలి.

వీటిని పట్టుకోవడానికి మూడు అంచెలు పెట్టండి. మొదట లెక్క: పాత చోట ఎన్ని రికార్డులున్నాయో కొత్త చోట అన్నే ఉండాలి, తేడా ఉంటే ప్రతి రికార్డుకీ కారణం రాయాలి. తర్వాత ఫైళ్లకు ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌లు (ఫైలు మారిందో లేదో చూపే వేలిముద్ర లాంటి సంఖ్యలు), కాపీకి ముందూ తర్వాతా. చివరగా, విషయాన్ని మనిషి కళ్లతో పోల్చడం. ఇక్కడ ఏవో కొన్ని వరసలు యాదృచ్ఛికంగా తీసుకుంటే చాలదు. సవరించిన రికార్డు, రద్దయిన రికార్డు, అతి పాత రికార్డు, ప్రత్యేక గుర్తులున్న రికార్డు, వెళ్లిపోయిన ఉద్యోగి సంతకమున్న రికార్డు తప్పనిసరిగా ఉండాలి. హెచ్‌పీఎల్‌సీ డేటా అయితే కొన్ని పాత పరుగులను కొత్త వెర్షన్‌లో మళ్లీ ప్రాసెస్ చేసి శిఖరాల వైశాల్యం, రిటెన్షన్ టైమ్ (పదార్థం పరికరం నుంచి బయటికి రావడానికి పట్టే సమయం) పోల్చాలి. ఎంత తేడా వరకు ఒప్పుకోవాలో పోల్చక ముందే రాసి సంతకం చేయించాలి. ఫలితం చూశాక రాసిన హద్దును తనిఖీలో ఎవరూ నమ్మరు.

మార్పు రోజును ల్యాబ్ క్యాలెండర్ చూసి పెట్టుకోవాలి. స్టెబిలిటీ నమూనాలు (మందు ఎంతకాలం నిలుస్తుందో చూడటానికి దాచినవి) బయటికి తీసే తేదీలు, బ్యాచ్ విడుదలలు ఉన్న వారం వద్దు. పాత డిస్క్ పూర్తి ఇమేజ్ తీసి, దాన్ని మరో డిస్కులో ఎక్కించి బూట్ అవుతుందో లేదో చూడండి. ఎక్కించి చూడని బ్యాకప్‌ను లెక్కలోకి తీసుకోకండి. ఎన్ని గంటలకల్లా పని కాకపోతే వెనక్కి వెళ్తామో, ఆ నిర్ణయం ఎవరిదో ముందే రాసి ఉండాలి. ప్యాచ్‌లదీ అదే జాగ్రత్త. 2023 మార్చిలో మైక్రోసాఫ్ట్ డీకామ్ (విండోస్ ప్రోగ్రాములు నెట్‌వర్క్‌లో మాట్లాడుకునే పద్ధతి) భద్రత గట్టి చేసిన మార్పును తప్పనిసరి చేశాక, దాని మీద ఆధారపడిన పాత ఓపీసీ పద్ధతిలో మాట్లాడుకునే పరికరాల మధ్య సంబంధం తెగిపోయే పరిస్థితి వచ్చింది. ముందే టెస్ట్ యంత్రంలో చూసుకున్నవాళ్లకు ఇబ్బంది లేకపోయింది.

పత్రాల విషయానికొస్తే, యూజర్ అవసరాల పత్రం, రిస్క్ అంచనా, ఐక్యూ, ఓక్యూ, పీక్యూ పరీక్షలు (సరిగా అమర్చారా, సరిగా నడుస్తోందా, అసలు పనిలో నిలుస్తుందా అని చూసేవి), ఏ అవసరాన్ని ఏ పరీక్ష నిరూపించిందో చూపే ట్రేసబిలిటీ పట్టిక ఉంటాయి. ఇవన్నీ మూసపోసినట్టు నింపేయడం ఈ రంగానికి పట్టిన జబ్బు. అవసరాన్ని పరీక్షించగలిగేలా రాయడం అలవాటు చేసుకోండి. ‘వ్యవస్థ సురక్షితంగా ఉండాలి’ అన్నది పరీక్షకు నిలవదు. ‘ఫలితం మార్చినప్పుడు పాత విలువ, కొత్త విలువ, మార్చిన వ్యక్తి, సమయం నమోదు కావాలి, కారణం ఖాళీగా ఉంటే సేవ్ కాకూడదు’ అన్నది నిలుస్తుంది. రోగి భద్రతకు దగ్గరగా ఉన్న పనిని లోతుగా, రంగులూ మెనూలూ పైపైన పరీక్షించాలని గ్యాంప్ రెండో ముద్రణ కూడా గట్టిగా చెబుతోంది.

మీ స్నేహితుల మాటకు వస్తే, మూడేళ్లు ఎక్స్‌పీ యంత్రాలకు కాపలా కాస్తూ కూర్చుంటే వాళ్లన్నదే నిజమవుతుంది. ప్రాజెక్టు వెళ్లే దిక్కు మాత్రం క్లౌడే. ల్యాబ్ సమాచారాన్ని నడిపే లిమ్స్, నాణ్యతా వ్యవస్థలు సాస్ (విక్రేతే క్లౌడ్‌లో నడిపే సాఫ్ట్‌వేర్) రూపంలోకి వస్తున్నాయి. అక్కడ విక్రేత ఏడాదికి కొన్నిసార్లు వెర్షన్ మారుస్తాడు, మీరు వద్దనలేరు. ప్రతిసారీ ఏది మళ్లీ పరీక్షించాలో కొద్ది రోజుల్లో తేల్చగలిగినవాళ్లు ఇప్పుడు కావాలి. కంప్యూటర్ సిస్టమ్ వాలిడేషన్, ల్యాబ్ ఇన్ఫర్మాటిక్స్, ఉత్పత్తి నెట్‌వర్క్‌ల భద్రత, ఐటీ క్వాలిటీ అనే పేర్లతో ఈ ఉద్యోగాలు వెతకండి. పని నిదానంగా సాగుతుందనీ, రాత పని ఎక్కువనీ, కొన్ని శని ఆదివారాలు పోతాయనీ తెలిసే రండి.

నేర్చుకోవాల్సిన వాటిలో ఎస్‌క్యూఎల్ ముందు. తర్వాత యాక్టివ్ డైరెక్టరీ, గ్రూప్ పాలసీలు, వీల్యాన్‌లు, వర్చువలైజేషన్, పవర్‌షెల్. సర్టిఫికెట్లకు ఇప్పుడే డబ్బు పెట్టకండి. మీకు కొత్తది క్రోమటోగ్రఫీ: శిఖరం అంటే ఏమిటి, సిస్టమ్ సూటబిలిటీ ఎందుకు చేస్తారు, మళ్లీ ఇంటిగ్రేట్ చేయడాన్ని తనిఖీ అధికారులు ఎందుకు అనుమానిస్తారు. ల్యాబ్‌లో అనుభవమున్న అనలిస్టు పక్కన రెండు రోజులు కూర్చుంటే పుస్తకంలో నెల రోజుల చదువు అబ్బుతుంది.

చేరేలోపు ఒక సాధన చేయండి. రెండు వర్చువల్ మెషీన్లు పెట్టుకోండి. ఒకదానిలో ఐదు వందల వరసల కల్పిత ఫలితాల డేటాబేస్ తయారుచేసి, పైన చెప్పిన ఉచ్చులన్నీ అందులో వేయండి: ముందు సున్నాలు, చివరి సున్నాలు, మైక్రో గుర్తు, రెండు రకాల తేదీలు, సరిగ్గా సగం మీద ఆగే అంకెలు, చెరిపేసిన యూజర్లు. రెండోదానిలోకి తరలించి, ఎన్ని చెడిపోయాయో స్క్రిప్టుతో పట్టుకుని, రెండు పేజీల నివేదిక రాయండి. ఒప్పుకోదగ్గ తేడాల హద్దులు మొదటి పేజీలో, తరలింపుకు ముందటి తేదీతో ఉండాలి. సంస్థలో చేరాక ఈ నివేదికను మీ గైడ్‌కు చూపించి తప్పులు దిద్దమనండి. సంస్థ అసలు డేటా మాత్రం ఒక్క వరస కూడా మీ సొంత ల్యాప్‌టాప్‌లోకి తెచ్చుకోకండి.