రెండు దేశాల మధ్య సినిమా తీయబోతున్న మేనకోడలికి

చి. అమ్మాయికి, మామయ్య ఆశీస్సులు.

నీ స్క్రిప్టు చదివాను. రచన, దర్శకత్వం, కూర్పు, ప్రధాన పాత్ర అన్నీ నువ్వేనని రాశావు. నీకు అన్నీ వచ్చని నాకు తెలుసు. నా పేచీ కథతోనే. సగం న్యూజెర్సీలో, సగం విజయనగరంలో నడిపి రెండు పడవల మీద కాళ్లు పెట్టావు. నాగేష్ కుకునూర్ అమెరికాలో ఇంజనీరుగా సంపాదించిన డబ్బుతో 1998లో 'హైదరాబాద్ బ్లూస్' తీశారు. రాసి, తీసి, నటించింది ఆయనే, కానీ కథకి ఊరు హైదరాబాదే. 2018లో వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో డాక్టరు. అందులో నటించారు కూడా. దర్శకత్వం మాత్రం వెంకటేష్ మహాకి అప్పగించారు. కథ విశాఖలోని ఆ పేటది, నటుల్లో చాలామంది అక్కడివాళ్లే. డబ్బు, చదువు ఎక్కడినుంచైనా రావచ్చు. నీ న్యూజెర్సీ సగాన్ని ఒక ఫోను సంభాషణలో చెప్పెయ్. ఖర్చు సగానికి సగం తగ్గుతుంది, కథ కూడా బిగుస్తుంది.

కూర్పు ఇంకొకరికి ఇవ్వు. వర్షంలో తడుస్తూ తీసిన షాటు బాగా లేకపోయినా, దాని వెనక పడిన కష్టం గుర్తొచ్చి నీ చేత్తో నువ్వు తీసెయ్యలేవు. నువ్వు నటించే రోజుల్లో మానిటర్ దగ్గర మొహమాటం లేకుండా 'మళ్లీ చెయ్యి' అనగలిగే మనిషిని కూర్చోబెట్టు. బంధువులు పనికిరారు, నాతో సహా.

ఇక శబ్దం. నా వృత్తి కాబట్టి కాస్త ఎక్కువే చెబుతాను. తర్వాత డబ్బింగులో సరిచేసుకుందామనే అలవాటు మన దగ్గర ఉంది, నువ్వు దాన్ని నమ్ముకోకు. ఇంట్లో షూటింగయితే ఫ్యాన్లు, ఫ్రిజ్ ఆపించు. ఫ్రిజ్ ఆపినప్పుడు నీ కారు తాళాలు అందులో పడెయ్యి, వెళ్లేటప్పుడు దాన్ని మళ్లీ వేయడం మరిచిపోవు. సన్నివేశం అయ్యాక అందరినీ కదలకుండా నిలబెట్టి ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయించు. సిబ్బంది విసుక్కుంటారు, పట్టించుకోకు. రెండు మాటల మధ్య అతుకు కనబడకుండా కప్పేది ఆ నిమిషమే. చివర్లో మాటలు ఒక ట్రాకు, సంగీతం, ఇతర శబ్దాలు ఇంకో ట్రాకుగా విడిగా తీయించుకో. రేపు వేరే భాషలో డబ్బింగ్ చేయాలంటే కొనేవాళ్లు అడిగేది అదే.

కెమెరా అక్కడే కొన్నావు కదా. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్, ఇక్కడ 50. అక్కడి అలవాటుతో షట్టర్ 1/60 సెకను దగ్గరే ఉంచితే మన ట్యూబులైట్ల కింద బొమ్మ మినుకుమంటుంది. ఇక్కడ 1/50కి మార్చు. విడి బ్యాటరీలు చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతిసంచిలోనే తెచ్చుకోవాలి. అవి కూడా 100 వాట్-అవర్లు దాటితే విమానసంస్థను ముందే అడగాలి.

టీకొట్టు సన్నివేశంలో రేడియోలో పాత సినిమా పాట రాశావు. వెనక సన్నగా వినబడినా హక్కులు కొనాల్సిందే. కొనలేకపోతే తీసెయ్యి. నటీనటులు, సంగీతం చేసే స్నేహితుడు, ఇల్లు ఇచ్చినవాళ్లు, అందరి దగ్గరా మొదటి రోజే సంతకం తీసుకో. సినిమా బాగుందని పేరొచ్చాక అడిగితే స్నేహితుడు కూడా ఆలోచిస్తాడు. అమెరికా పంపిణీదారులు సినిమా చూసిన మర్నాడే ఈ కాగితాలు అడుగుతారు.

వీసా సంగతి నీకు తెలిసిందే అయినా చెప్పక తప్పదు. హెచ్1బి మీద ఉన్నంతకాలం, ఆ వీసా ఇప్పించిన కంపెనీ పని తప్ప, విడిగా అనుమతి లేకుండా మరొకరి దగ్గర ఉద్యోగం చేయకూడదు. వారాంతాల్లో ఎవరి సినిమాకో కూర్పు చేసి డబ్బు తీసుకుంటానన్నావు, అది కుదరదు. నీ సొంత సినిమా మీద అక్కడ పైసా రాకముందే వకీలుని కలువు. కళాకారులకి ఓ-1 అనే వీసా ఉంది. దానికి పత్రికల్లో వచ్చిన సమీక్షలు, అవార్డులు, పేరున్నవాళ్లు రాసిచ్చే లేఖలు సాక్ష్యంగా చూపాలి. అందుకని చిన్న పత్రికలో రెండు వాక్యాలు వచ్చినా తేదీతో సహా దాచిపెట్టు. ఉద్యోగం మాత్రం ఇప్పుడే వదలకు.

విజయనగరంలో అక్టోబరు, నవంబరు వద్దు, తుఫాన్ల కాలం. డిసెంబరులో మొదలుపెట్టి సంక్రాంతికి ముందే ముగించు, పండగ రోజుల్లో పనికి ఎవరూ దొరకరు. న్యూజెర్సీ కోసేసిన స్క్రిప్టు పంపు. ఓ-1 సంగతి మీ అమ్మకి నేను చెప్పను, నువ్వే చెప్పుకో.

మీ మామయ్య