బ్రేక్ లేత్ పని అంటే భయపడాలా?

ప్రశ్న: మాది నర్సంపేట. మా బాబు ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ పూర్తిచేసి హన్మకొండలో ఒక బ్రేక్ షాపులో చేరాడు. ఇక నుంచి లేత్ (అరిగిన బ్రేక్ డ్రమ్మును తిప్పుతూ లోపలి వైపు పలచగా కోసి సాపుచేసే మిషన్) మీద డ్రమ్ములు నువ్వే ఎక్కించాలి అంటున్నారట. చెయ్యి మిషన్‌లో పడితే ఎట్లా అని వాళ్లమ్మకు ఒకటే టెన్షన్. మాన్పించి డిగ్రీలో చేర్పించమంటారా?

జవాబు: మాన్పించకండి. ముందు ఆ షాపులో పని ఎలా నేర్పుతున్నారో కనుక్కోండి. బ్రేక్ లేత్ దగ్గర దెబ్బ తగలడమైనా, పని చెడిపోవడమైనా చాలావరకు స్విచ్ వేయకముందు చేసే తప్పుల వల్లే.

బాబును అడగండి: డ్రమ్ములోని దుమ్మును గాలిపైపుతో ఊదుతున్నారా? పాత లైనర్లలో (డ్రమ్మును ఒరిసి బండిని ఆపే పట్టీలు) ఆస్‌బెస్టాస్ అనే నారలాంటి ఖనిజం ఉండొచ్చు, ఊపిరితిత్తులకు చేటు. తడిపి తుడవాలి. డ్రమ్ము మీద గరిష్ఠ వ్యాసం పోతపోసి ఉంటుంది. మైక్రోమీటరుతో కొలిచినప్పుడు, కోశాక ఆ అంకె దాటేలా ఉంటే అది తుక్కుకే. ఓనరు 'ఇంకొక్కసారి కొయ్యి' అన్నా ఒప్పుకోకూడదు. ఆ బండిలో జనం ఎక్కుతారు.

ఇక ఎక్కించడం. చక్రం నడిమి భాగమైన హబ్‌కు ఆనే ముఖం మీద తుప్పంతా గీకి, డ్రమ్మును సరిగ్గా మధ్యన నిలిపే సరైన సైజు కోన్ పెట్టి నట్ బిగించాలి. మధ్యలో ఇనుపరజను ఇరుక్కున్నా డ్రమ్ము వంకరగా తిరుగుతుంది. అందుకే మొదట కోసే టూల్‌ను కొద్దిగా తాకించి సన్నని గీత గీస్తారు. మిషన్ ఆపి, నట్ వదులుచేసి, డ్రమ్మును సగం చుట్టు తిప్పి బిగించి, పక్కన ఇంకో గీత గీస్తారు. రెండు గీతలూ డ్రమ్ముకు ఒకే వైపు పడితే అరుగుదల డ్రమ్ముదే, కోసుకోవచ్చు. ఎదురెదురుగా పడితే ఎక్కించడంలోనే తేడా ఉంది, దించి మళ్లీ పెట్టాలి. ఈ పరీక్ష నేర్పే మేస్త్రీ దొరికితే వదులుకోవద్దు.

డ్రమ్ము అదరకుండా చుట్టూ కట్టే బ్యాండ్ కొస వేలాడకూడదు. స్పానర్ నట్ మీద మర్చిపోయి స్విచ్ వేస్తే అది ఎగిరివస్తుంది. వేములవాడలో కట్టించుకున్న దారమైనా, కడియమైనా మిషన్ దగ్గర తీసెయ్యాల్సిందే. వాళ్లమ్మ గ్లౌజులు కొనిస్తానంటుందేమో, వద్దనండి. తిరిగే మిషన్ గ్లౌజుతోపాటు చేతిని లాక్కుంటుంది. కళ్లకు రక్షణ అద్దాలు కొనివ్వండి. ఇనుపపొట్టును బ్రష్‌తోనే ఊడ్వాలి. లారీ డ్రమ్మును ఒక్కడే ఎత్తొద్దు.

డిగ్రీ కంటే దగ్గరి దారి ఉంది. రెండేళ్ల ఐటీఐ చదివినవాళ్లు ఎల్‌పీసెట్ అనే ప్రవేశపరీక్ష రాసి పాలిటెక్నిక్ డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. చదువు వద్దంటే ఆర్టీసీ అప్రెంటిస్‌షిప్‌కు ప్రయత్నించమనండి. బస్సుల బ్రేకుల మీద చెయ్యి బాగా తిరుగుతుంది, చేతికి సర్టిఫికెట్టూ వస్తుంది.